ఏది చల్లారింది

మా కొట్టు బోర్డు మీద ఫ్యాన్లు, మిక్సీలు, ఇస్త్రీ పెట్టెలు, గ్రైండర్లు రిపేరు చేయబడును అని తెలుగులోనూ ఒడియాలోనూ ఉంటుంది. దాని కింద ఎర్ర పెయింటుతో, అక్షరాలు కొంచెం కిందికి జారుతూ, ‘ఓవెన్లు చూడము’ అని ఉంటుంది. ఆ లైను నేను రాసిందే. రాసి ఆరేళ్ళయింది. ఎందుకు చూడరు అని ఎవరైనా అడిగితే రావు అంటాను. అది అబద్ధం. ఓవెన్ పని నాకు నా వంటిల్లంత బాగా తెలుసు.

మా బావ నేర్పాడు. బావ అంటే నా మొగుడే. మా మేనత్త కొడుకు. రాయగడలో మునిసిపాలిటీ కుళాయిల పని చేసే మా నాన్న ఇంటికి నాలుగిళ్ళ అవతల వాళ్ళ ఇల్లు. చిన్నప్పుడు నన్ను ‘అమ్మీ’ అని పిలిచేవాడు, పెళ్ళయ్యాకా అదే పిలుపు. పేరు పెట్టి పిలవవేం అంటే, నోరు తిరగదు అనేవాడు. నా పేరు మూడక్షరాలు. ఆయన వేళాకోళం అలా ఉండేది.

తెరుబలి ఫ్యాక్టరీలో చాలా ఏళ్ళు ఎలక్ట్రీషియన్‌గా చేసి, ఆ కొలిమి వేడి ఇంక పడక మానేసి వచ్చి, రాయగడలో ఈ కొట్టు పెట్టాడు. ఫ్యాక్టరీ నుంచి ఆయన తెచ్చుకున్నది ఒక్క అలవాటు. అక్కడ పెద్ద ప్యానెల్ మీద పని ఉంటే కరెంటు తీసే మనిషి వేరు, చెయ్యి పెట్టే మనిషి వేరు. చెయ్యి పెట్టేవాడు నోరు తెరిచి అడగాలి. తీసినవాడు నోరు తెరిచి చెప్పాలి. తల ఊపితే చెల్లదు. రోజుకి పదిసార్లయినా సరే, అన్నదమ్ములైనా సరే, అడగాల్సిందే. ఈ పద్ధతిని మా పదడుగుల కొట్లోకి కూడా తెచ్చాడు. కరెంటు తీసే మనిషిని నేను. చెయ్యి పెట్టే మనిషి ఆయన.

మిక్సీకీ ఫ్యానుకీ ప్లగ్గు పీకితే చాలు. మైక్రోవేవ్ ఓవెన్‌కి చాలదు. దాని వెనకవైపు, ఫ్యానుకి ఆనుకుని, అరచేతిలో పట్టేంత లోహపు డబ్బా ఒకటి ఉంటుంది. కెపాసిటర్. ప్లగ్గు పీకేసినా అది కొంత కరెంటు కడుపులో దాచుకుంటుంది. చాలావాటిలో కాసేపటికి దానంతటదే దిగిపోతుంది. దించే ముక్క లోపల చెడిపోతే దిగదు, ఎంతసేపైనా అలాగే ఉంటుంది. పైనుంచి చూస్తే ఏమీ తెలియదు. అందుకని బావ ఒక ప్లాస్టిక్ గొట్టంలో రెసిస్టరు పెట్టి, రెండు కొసలకీ వైర్లూ క్లిప్పులూ తగిలించి, గోడకి మేకు కొట్టి దానికి వేలాడదీశాడు. పై డొప్ప ఊడదీయగానే నేను ఆ క్లిప్పులు కెపాసిటర్‌కి తగిలించి, కాసేపు ఉంచి, మీటరు పెట్టి చూసి, అప్పుడు చెప్పాలి.

ఆ పనిని డిశ్చార్జి అంటారు. ఆ మాట నాకు నచ్చలేదు. డిశ్చార్జి అంటే ఆసుపత్రి గుర్తొస్తుంది, పొద్దున్నే కొట్లో ఆ మాటేంటి అన్నాను. మరేటందాం అన్నాడు. సల్లార్చడం అందాం అన్నాను. ఆయనకి అది తెగ నచ్చింది. ‘సల్లారిందా?’ అని ఆయన అడగడం, ‘సల్లారింది’ అని నేను చెప్పడం. ఎన్ని వందలసార్లు అనుకున్నామో ఆ మాట. పెట్టింది నేనే అని గర్వంగా కూడా ఉండేది.

ఆ రోజు పొద్దున్న ఒక కోమట్ల ఆవిడ రిక్షాలో ఓవెన్ పెట్టించుకుని వచ్చింది. బజార్లో వాళ్ళది హోల్‌సేల్ కొట్టు. చెప్పుకుపోయింది. మూడు నాలుగు నిమిషాలు బాగానే తిరుగుతుందట, ఆ తర్వాత డొప్ప పట్టుకుంటే చెయ్యి చుర్రుమంటుందట, లోపల గిన్నె మాత్రం ఐసులా ఉంటుందట. ఒక గంట వదిలేస్తే మళ్ళీ పని చేస్తుందట. నేను చీటీ రాసి ఓవెన్‌కి దారంతో కట్టాను. తొందరలో ‘వేడెక్కుతుంది. వేడెక్కదు’ అని రాశాను. నాకు అర్థమైంది కదా, ఇంకెవరికి అర్థం కావాలి అనుకున్నాను.

బావ ఆ చీటీ పట్టుకుని ఆవిడ ముందే పైకి చదివాడు.

“ఏటమ్మీ ఇది? ఏటి వేడెక్కుతాది, ఏటి వేడెక్కదు? పెట్టా, అన్నమా? దీనికి జొరమొచ్చిందేటి, వచ్చీ పోయీ?”

ఆవిడ నవ్వింది. బావ ఇంకా నవ్వాడు. “ఇలగ రాస్తే డాక్టరుకి కూడా తెలీదు” అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. పదో తరగతి దాకా ఒడియా బడిలో చదివి, తెలుగు ఇంట్లో నేర్చుకున్న దాన్ని. ఆ చీటీలన్నీ నేను రాస్తేనే కదా కొట్టు నడిచేది. ఆవిడ వెళ్ళాక ఒక్క మాట మాట్లాడలేదు. ఆయన రెండుసార్లు పలకరించాడు, ముఖం తిప్పుకున్నాను. నా కోపం అంత తొందరగా దిగేది కాదు.

ఓవెన్ వెనక గాలి పోయే చిల్లుల మీద దోమతెర ముక్క జిగురుతో అంటించి ఉంది. బొద్దింకలు దూరకుండా పెట్టుకున్నారు. మా వైపు సగం ఇళ్ళల్లో ఈ పనే చేస్తారు, పైన ఒక కుట్టుపని గుడ్డ కూడా కప్పుతారు. వేడి పోయే దారి లేక, ఎక్కువ కాలితే కరెంటు ఆపేసే లోపలి కట్-అవుట్ పడిపోతుంది, అది చల్లారి మళ్ళీ అంటుకునేదాకా ఓవెన్ వేడి చెయ్యదు. బావ దోమతెర పీకి పారేశాడు. గ్లాసుడు నీళ్ళు లోపల పెట్టి తిప్పాడు. ఫ్యాను చప్పుడు మూలుగులా వచ్చింది. ఆరో నిమిషంలో ఆగింది.

“ఫేనుకి జిడ్డు పట్టేసింది. దులిపేస్తే సాలు” అన్నాడు. నాకు చెప్పాడో తనకి చెప్పుకున్నాడో. నేను లేవకపోతే ప్లగ్గు కూడా తనే పీకాడు, స్క్రూలు తీసి డొప్ప ఎత్తి పక్కన పెట్టాడు. “బాగా కాలిపోతన్నాది. సల్లారనీ” అన్నాడు. అంతలో ఫోను మోగింది. మా కొట్లోపల సిగ్నలు ఉండదు, ఎప్పుడూ బయట టైలరు కొట్టు అరుగు దగ్గర నిలబడి మాట్లాడాలి. వెళ్ళాడు.

అప్పుడు నేను లేచి వైరు తగిలించాలి. డొప్ప ఊడితే నా పని మొదలు. కాని ఆయన సల్లారనీ అన్నాడు కదా, కాలిపోతున్నాది అన్నాడు కదా, వేడి తగ్గేదాకా ఆగుదాం అనుకున్నాను. అనుకున్నానా? కోపంగా ఉన్నాను, లేవబుద్ధి కాలేదు. ఇందులో ఏది ఎంతో ఇప్పటికీ తేల్చుకోలేను. పాత చీటీలు ముందేసుకుని కూర్చున్నాను. మధ్యలో ఒకసారి కూర్చున్నచోటు నుంచే చెయ్యి చాపి ఓవెన్ పక్క రేకు ముట్టుకున్నాను. చల్లబడింది.

ఆయన ఫోను జేబులో పెట్టుకుంటూ వచ్చాడు. కుంచె తీసుకున్నాడు. అడిగాడు.

“సల్లారిందా?”

తల ఎత్తలేదు నేను. “సల్లారింది” అన్నాను.

ఫ్యాను మీదికి చెయ్యి పెట్టాడు. టప్ మని చిన్న చప్పుడు, అంతే. పెద్దగా ఏమీ కాదు, గింజ పేలినట్టు. తలెత్తేసరికి ఆయన స్టూలుతో సహా వెనక్కి పడి ఉన్నాడు. కుంచె ఇంకా చేతిలోనే ఉంది. గోడ మేకుకి వైరు వేలాడుతూ ఉంది. ఆ వైరుని చూశాను ముందు. ఆయన్ని తర్వాత చూశాను. ఇది నేను ఎవరికీ చెప్పుకోలేదు.

నా అరుపుకి టైలరు పరిగెత్తుకొచ్చాడు. ఒడియా ఆయన, ఒకప్పుడు హోంగార్డు, నన్ను వదిన వరసతో పిలుస్తాడు. “భావుజొ, పక్కకి జరుగు” అని నన్ను తోసేసి, బావ గుండె మీద రెండు చేతులూ పెట్టి నొక్కడం మొదలుపెట్టాడు. ఎంతసేపు నొక్కాడో తెలియదు. ఆయన చొక్కా చెమటకి తడిసిపోయింది. చివరికి బావ నోట్లోంచి ఊపిరి వచ్చింది. ఊళ్ళో ఆసుపత్రి నుంచి కోరాపుట్ తీసుకుపొమ్మన్నారు. ఆ ఘాటీ రోడ్డంతా నేను ఆయన పాదాలు పట్టుకుని కూర్చున్నాను. చల్లగా ఉన్నాయి.

మూడో రోజుకి కళ్ళు తెరిచాడు. అయిదో రోజుకి మాట వచ్చింది. ముందు రోజు రాత్రి ఏం తిన్నాడో గుర్తుంది, ఆ పొద్దున్న మొత్తం పోయింది. ఓవెన్ గుర్తు లేదు, కోమట్ల ఆవిడ గుర్తు లేదు, చీటీ గుర్తు లేదు. ఏం జరిగిందో నర్సు చెప్పింది. తర్వాత నావైపు తిరిగాడు. మా అత్త నా పక్కనే ఉంది, ఆయన కాళ్ళు ఒత్తుతూ.

“నాను అడగనేదేటి, అమ్మీ?”

మా అత్త చెయ్యి ఆగింది. నా ముఖంలోకి చూసింది.

“నేదు బావా” అన్నాను. “అడగనేదు.”

ఒక్క మాట. ఆవిడ ముందు చెప్పలేను, ఇంటికెళ్ళాక నెమ్మదిగా చెప్పుకోవచ్చు అనుకున్నాను. నిజంగానే అలా అనుకున్నాను. ఇంటికెళ్ళాక ఆయనకి అన్నం తినిపించడం, నడిపించడం, స్నానం చేయించడం. ఈ వారం వద్దు, వచ్చేవారం చెప్దాం. అలా ఆరేళ్ళు.

కుడిచెయ్యి వింతగా తయారైంది. ఊరికే ఒళ్ళో పెట్టుకుంటే బాగానే ఉంటుంది. స్క్రూ మీద పెట్టబోతే, అన్నం ముద్ద నోటి దాకా తేబోతే, ఎవరో కింద నుంచి తట్టినట్టు ఎగురుతుంది. డాక్టర్లు మందులు ఇచ్చారు, కొంత తగ్గింది, పోలేదు. రిపేర్లు నా చేతికొచ్చాయి. చెయ్యి పోయినందుకు ఆయన అంతగా కుంగలేదు. చెప్పేవాడు కూడా, చెయ్యి పోతే పోనీ నువ్వు లేవా అని. ఆయన్ని తినేసింది వేరే.

“ఇన్నేళ్ళు అడిగినోడిని ఆయేల అడగనేదు” అనేవాడు. కొట్టుకి వచ్చిన ప్రతివాడికీ చెప్పేవాడు. మొదట్లో హెచ్చరికలాగా, పోనుపోను తనని తాను తిట్టుకుంటున్నట్టు. అడగకుండా చెయ్యి పెట్టిన తన బుర్ర ఇంకేం మర్చిపోతుందో అని భయం పట్టుకుంది. గ్యాసు కట్టానా అని తనే వెళ్ళి చూసి, వచ్చి, మళ్ళీ వెళ్ళేవాడు. షట్టరు తాళం వెయ్యడం మానేశాడు. తెరుబలి పాత స్నేహితులు ఇంటి వైరింగు ఒక్కసారి చూసి చెప్పన్నా, చెయ్యి పెట్టక్కర్లేదు అని వచ్చి బతిమాలితే, “నా బుర్ర మీద నాకు నమ్మకం నేదురా” అని పంపేశాడు. వాళ్ళు రావడం మానేశారు. కల్యాణసింగ్‌పూర్‌లో వాళ్ళ చిన్నాన్న మనవడి అన్నప్రాశనకి వెళ్తే, పిల్లాణ్ణి ఒళ్ళో పెట్టబోతే చేతులు వెనక్కి దాచుకున్నాడు. మర్చిపోయి వదిలేస్తానేమో అన్నాడు.

మా అత్త కొడుకుని ప్రాణంగా చూసేది, నోరు మాత్రం ఊరుకునేది కాదు. “నీ పరద్దేనమే నీ కొంప ముంచింది” అనేది. ఆయన తల దించుకునేవాడు. నేను గిన్నెలు తోముతూ వినేదాన్ని. ఆవిడ ఆ మాట అనుకుంటూనే పోయింది. అప్పుడైనా చెప్పాల్సింది. చెప్పలేదు. నేను పిరికిదాన్ని. ఇంతకంటే మర్యాదైన మాట నా కోసం వెతుక్కోను.

ఆ ఓవెన్‌ని కోమట్ల ఆవిడ తీసుకుపోలేదు. అయ్యో మాకొద్దమ్మా అని దణ్ణం పెట్టి వెళ్ళిపోయింది. ఒక రోజు బావ ఇంటి దగ్గర ఉన్నప్పుడు డొప్ప తీసి, వైరు తగిలించి, మీటరు పెట్టి, ఒకటికి మూడుసార్లు చూసి, ఫ్యాను దులిపాను. పావుగంట పని. ఇప్పటికీ ఓవెన్ పని చేస్తుంది. అటక మీద ఉంది.

మొన్న చలికాలం మధ్యాహ్నం, కొల్నార నుంచి ఒక నర్సమ్మ ఆటోలో ఓవెన్ తెచ్చింది. బోర్డు తెలుగు లైను ఆమెకి అర్థం కాలేదు. నేను ఆ లైను ఒడియాలో రాయలేదు మరి. నేను లోపల ఉన్నాను. బావ గుమ్మంలో కుర్చీలో ఉన్నాడు. ఏమైంది అని అడిగాడు. “నిజె గొరొమ్ హేఉచి, భాతొ గొరొమ్ కొరు నాహి” అంది. అంటే, తను వేడెక్కుతుంది, అన్నాన్ని వేడి చెయ్యదు. ఎంత శుభ్రంగా చెప్పింది! ఏది వేడెక్కుతుందో, దేన్ని వేడి చెయ్యదో, అన్నీ ఉన్నాయి ఆ మాటలో. నా చేతిలో పని ఆగిపోయింది.

చూడము అని నేను బయటికొచ్చేసరికి ఆయన సరే అనేశాడు.

“తీసుకో అమ్మీ. నాను ఇక్కడే నిలబడతాను. నువ్వు సల్లార్చు, నువ్వే సెయ్యి పెట్టు. నాను అడుగుతాను. ఈపాలి మర్సిపోను.”

ఆ మాట అంటుంటే ఆయన కళ్ళల్లో చిన్నపిల్లాడి ఆశ. ఆరేళ్ళలో మొదటిసారి ఏదైనా చేస్తానన్నాడు. నర్సమ్మని పంపించి, ఓవెన్ బల్ల మీద పెట్టాను. డొప్ప తీశాను. మేకు నుంచి వైరు తీసి తగిలించాను. ఆయన లేచి వచ్చి బల్ల అంచు ఎడమచేత్తో పట్టుకుని నిలబడ్డాడు. గొంతు సవరించుకున్నాడు.

“సల్లారిందా?”

అదే గొంతు. నేను క్లిప్పులు మళ్ళీ ఒకసారి నొక్కి చూశాను. ఆయన మళ్ళీ అడిగాడు. నేను చేతిలో మీటరు బల్ల మీద పెట్టేశాను.

“బావా. ఆయేల నువ్వు అడిగేవు.”

“ఏటీ?”

“సల్లారిందా అని అడిగేవు. నాను సల్లారింది అన్నాను. నాను రేకు మాట సెప్పేను. నువ్వు అడిగింది ఈ కెపాసిటర్ మాట. వైరు నాను పెట్టనేదు. నీ మీద కోపంగా ఉండి తలెత్తి సూడనేదు.”

ఆయన బల్ల అంచు వదిలేశాడు. తిడతాడనుకున్నాను. కొడితే బాగుండు అనుకున్నాను.

“అడిగేనా?” అన్నాడు. “నాను అడిగేనా?”

“అడిగేవు బావా.”

“సరిగ్గా అడిగేనా? సెయ్యి పెట్టకముందు?”

“కుంచె సేతిలో పట్టుకుని, అడిగి, అప్పుడే పెట్టేవు.”

బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చాడు. మా పెళ్ళయ్యాక ఆయన ఏడవగా నేను చూడలేదు, మా అత్త పోయినప్పుడు కూడా. అడిగేను, అడిగేను అనుకుంటూ ఏడ్చాడు. నేను వీపు మీద చెయ్యి వెయ్యబోతే భుజం కదిపి తప్పించుకున్నాడు. టైలరు మిషను ఆపి తొంగి చూసి, మళ్ళీ మిషను మొదలుపెట్టాడు. కాసేపటికి ఆయన ముఖం తుడుచుకుని, “అమ్మకి తెలీకుండా పోనాది” అన్నాడు. ఆ ఒక్క మాటే అన్నాడు. ఆరేళ్ళకీ కలిపి నన్ను అన్నది అంతే.

నర్సమ్మ ఓవెన్ ఆ సాయంత్రం నేనొక్కదాన్నే బాగు చేశాను. ఆమెదీ అదే జబ్బు, ఫ్యానుకి జిడ్డు. ఆయన నిలబడలేదు.

మర్నాడు షట్టరు తాళం ఆయనే వేశాడు, ఎడమచేత్తో. ఒక్కసారి లాగి చూసి వచ్చేశాడు. గ్యాసు దగ్గరికి వెళ్ళి రెండోసారి చూడటం లేదు. తెరుబలి స్నేహితుడు ఒకాయనకి తనే ఫోను చేసి, మీ ఇంటికి వస్తాను, వైరింగు చూస్తాను అన్నాడు. నిటారుగా నడుస్తున్నాడు. ఆయన్ని అలా చూసి నాకు సంతోషం. నిజంగా సంతోషం. ఇన్నేళ్ళు ఈ నడకని నేనే దాచిపెట్టానని తెలిసినా సంతోషమే.

నాతో మాట్లాడతాడు. కూర బాగుంది అంటాడు, రేపు ఎండెక్కువ అంటాడు. అమ్మీ అని పిలవడం మానేశాడు. నన్ను ఏదీ అడగడం కూడా మానేశాడు. సాయంత్రం టీ తీసుకెళ్ళి, వేడిగా తాగలేడని కాసేపు ఉంచి, “సల్లారింది, తాగు బావా” అని అందిస్తాను. నా చేతిలో గ్లాసు ఉండగానే, ఎడమచేతి వేలు గ్లాసుకి ఆనించి చూసుకుంటాడు. తర్వాత తాగుతాడు.